చెయ్యి తగలని డాన్సు

రాబిగ్ తెలుగు కళా సమితి వార్షికోత్సవంలో ప్రదర్శించిన ఐక్యతా నృత్యం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. పాల్గొన్న యావన్మందిలో ఏ ఒక్కరూ ఇంకొకరిని తాకలేదు. ఒకరి చోటు ఇంకొకరు ఆక్రమించలేదు. పాట మొదలైనప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారో, పాట అయిపోయినప్పుడు కూడా వారు అక్కడే, అదే హోదాలో, అదే చిరునవ్వుతో నిలబడి ఉన్నారు. సౌదీలో, ఎర్ర సముద్రం ఒడ్డున తెలుగు జాతి సాధించిన ఈ ఐక్యతను చూసి ముఖ్య అతిథి గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కంట్లో పడింది ఇసుక అని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు లెండి.

ఈ నృత్యాన్ని కూర్చిన ఘనత శ్రీమతి భాగ్యలక్ష్మిది. ఆవిడది మండపేట. భర్త వీరభద్రం రాబిగ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. బంగారంలాంటి మనిషి. నిప్పంటుకుంటే ఎటు పరిగెత్తాలో ఇంట్లో ప్రతి గుమ్మం మీదా పచ్చ బాణం అంటించాడు. భార్య మిక్సీ వేస్తుంటే కళ్ళద్దాలు పెట్టుకోమనేవాడు. అన్నీ బాగానే ఉన్నాయిగానీ, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నలుగురిలో భార్య చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు. పెళ్ళిలో పట్టుకున్నాడు, నిజమే. అదీ పురోహితుడు పట్టుకోమంటే పట్టుకుని, వదలమనేలోపే వదిలేశాడు. రోడ్డు దాటించాల్సి వచ్చినా "ఆగు, ఎడమవైపు చూడు, ఇప్పుడు నడు" అంటూ నోటితోనే దాటించేవాడు.

భాగ్యలక్ష్మికి ఉన్నది ఒకే ఒక్క కోరిక. నలుగురి ఎదుట, లైట్ల వెలుగులో, తన మొగుడు తన చెయ్యి పట్టుకుని ఒక్కసారి గిర్రున తిప్పాలి. అంతే. నగలడగలేదు, విల్లా మార్చమనలేదు. నోరు తెరిచి అడగొచ్చు కదా అంటారేమో, అడిగితే రిస్క్ అసెస్‌మెంట్ చేద్దాం అంటాడు. అడక్కుండా జరగాలి, జరక్క తప్పని పరిస్థితి రావాలి. అలాంటి పరిస్థితిని తయారుచేసే ఉపాయం ఆవిడకి పక్క విల్లాలో దొరికింది.

పక్క విల్లాలో మార్తా గారని ఒక అమెరికా పెద్దావిడ ఉండేది. గురువారం సాయంత్రాలు కాంపౌండ్ హాల్లో కాంట్రా డాన్సు నేర్పేది. కాంట్రా డాన్సంటే ఏమీ లేదు. రెండు బారులుగా ఎదురెదురుగా నిలబడతారు. మీ ఎదురుగా ఉన్నది మీ జోడీ. పక్కన ఇంకో జంట. రెండు జంటలూ చేతులు పట్టుకుని చుట్టు తిరుగుతారు, ఒకరినొకరు దాటుతారు, మళ్ళీ ఎవరి జోడీని వాళ్ళు పట్టుకుని గిరగిరా తిరుగుతారు, ఆ పైన ఒక్క చోటు జరుగుతారు. జరిగితే కొత్త జంట ఎదురవుతుంది. మళ్ళీ అదే ఆట. పైనున్న జంట ఒక్కొక్క చోటే దిగుతుంది, అడుగునున్న జంట ఒక్కొక్క చోటే ఎక్కుతుంది. కొసకు చేరినవాళ్ళు కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్ళీ వెనక్కి బయల్దేరతారు. ఎప్పుడేం చెయ్యాలో ఒక మనిషి మైకులో కేకేసి చెబుతుంది. పాట అయ్యేసరికి బారులో ప్రతి మనిషీ ప్రతి మనిషి చెయ్యీ పట్టుకుని ఉంటాడు. ఇంత ప్రమాదకరమైన వ్యవహారాన్ని వాళ్ళ దేశంలో సరదా కోసం చేస్తారట.

మార్తా గారి భర్త రిటైరయ్యాడు, ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకున్నారు, వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆవిడ, "ఇక కొత్త డాన్సులు నువ్వే కట్టు భాగ్యా. పెద్ద విద్యేం కాదు. ఏ చెయ్యి ఖాళీగా ఉందో చూసి తరవాతి పని ఆ చేతికివ్వు. చివర్లో ఎవరూ ఒంటరిగా మిగలకుండా చూసుకో" అని చెప్పింది.

ఆ వారమే పోపుల పెట్టెలోని గిన్నెలన్నీ డైనింగ్ టేబుల్ మీదికి వచ్చాయి. ఆవాలు వీరభద్రం, జీలకర్ర తను. మినప్పప్పు, సెనగపప్పు పక్క జంట. మెంతులు, ఎండుమిర్చి ఆ కింది జంట. మొదటి కూర్పులో ఆవాలు తిరిగి తిరిగి వెళ్ళి మెంతుల పక్కన తేలాయి. "హవ్వ!" అని భాగ్యలక్ష్మి అక్కడికక్కడే ఆ కూర్పు చెరిపేసింది. రెండో కూర్పులో అందరూ క్షేమంగా జోడీలకు చేరారుగానీ, ఎండుమిర్చి ఒక్కత్తే బల్ల అంచున దిక్కులు చూస్తూ మిగిలిపోయింది. ఇంకో కూర్పులో అంతా కుదిరిందనుకునేసరికి, గిరగిరా తిరిగే చుట్టు దగ్గర ఆవాల కుడిచెయ్యి ఇంకా సెనగపప్పు చేతిలోనే ఇరుక్కుని ఉంది. ఆ చెయ్యి విడిపించే ఉపాయం తోచక వారమంతా తల పట్టుకుంది. ఆ వారమంతా ఇంట్లో కూరలకి పోపు లేదు. వీరభద్రం విసుక్కోలేదు సరికదా, పోపు లేకపోతే నూనె చిందదు, అదీ మంచిదే అన్నాడు.

చివరికి కుదిరింది. సెనగపప్పుని ఎడమచేత్తో దాటిస్తే చాలు, ఆవాల కుడిచెయ్యి దానంతటదే వచ్చి జీలకర్ర చేతిలో పడుతుంది. తప్పించుకుందామన్నా దారి లేదు. భాగ్యలక్ష్మి గరిటె పట్టుకుని వంటింట్లో గంతులేసింది. మొత్తం ఊరిని నిలబెట్టి, దాటించి, ఎక్కించి, దించి, ఆ సందడంతా తన మొగుడి కుడిచేతిని తన చేతిలోకి తేవడానికేనని ఒక్క ఆవిడకే తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది, ఎక్కడా అనకండి.

కళా సమితి అధ్యక్షులు కోదండపాణి గారు. ఆయన కొనుగోళ్ళ విభాగంలో పెద్ద మేనేజరు, గ్రేడు పన్నెండు. భాగ్యలక్ష్మి వెళ్ళి విషయం చెప్పగానే ఎగిరి గంతేసినంత పని చేశారు. అంతకుముందు ఏడాది యాన్బూ తెలుగువాళ్ళు మాల్‌లో ఏదో గంతులాట వేసి వీడియో పెట్టారు. దాన్ని తలదన్నేది ఏదైనా చెయ్యాలని ఆయన అప్పటినుంచీ నిద్రపోలేదు. "ఎక్సలెంట్ అమ్మా! విల్లాల వాళ్ళు, ఫ్లాట్ల వాళ్ళు, క్యాంపుల వాళ్ళు, అందరూ ఒకే లైన్‌లో! పేరు కూడా నేను డిసైడ్ చేసేశాను. సమైక్య నృత్యం!"

పేరు వినగానే కరీంనగర్, నిజామాబాద్ వైపు క్యాంపు మనుషులు లేచి నిలబడ్డారు. వాళ్ళ తరఫున జగిత్యాల హన్మాండ్లు మాట్లాడాడు. అతను స్కాఫోల్డింగు మేస్త్రి, ఊళ్ళో చిరుతల రామాయణంలో చిరుతలు పట్టి ఆడినవాడు. "సారూ, ఆ మాట వింటేనే మాకు కడుపుల దేవినట్టయితది. ఇంకేదన్న పెట్టుండ్రి" అన్నాడు. ఆ మాటలోంచి ఒక అక్షరం అటూ ఇటూ మార్చి, ఐక్యతా నృత్యం అని సర్వసమ్మతంగా తీర్మానించారు. ఐకమత్యం మీద ఏకాభిప్రాయం కుదరడానికి రెండు సమావేశాలు పట్టాయి.

మొదటి రిహార్సలు జరిగింది. భాగ్యలక్ష్మి బారులో తన చోటినుంచే మైకులో "చేతులు పట్టుకోండి, చుట్టు తిరగండి" అని కేకేసింది. ఎవరూ తిరగలేదు. కొత్త జంట ఎదురవగానే తెలుగువాడు అడగాల్సినవి కొన్ని ఉంటాయి కదా. ఏ ఊరండీ, ఆ ఊళ్ళో ఎవరి తాలూకండీ, ఇంటిపేరేమిటండీ, ఏ కంపెనీ, ఏ గ్రేడు, విల్లానా షేరింగా, ఇకామా కార్డులో ఏ ప్రొఫెషన్ రాశారు. ఈ ప్రశ్నలు పూర్తవకుండా పరాయి మనిషి చెయ్యి పట్టుకోవడం ఎంత అనాగరికం! ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి పాట అయిపోయింది. భాగ్యలక్ష్మి కూర్పుని సవరించి మొదట్లో పరిచయాలకని కాస్త సంగీతం కలిపింది. చాల్లేదు. ఇంకాస్త కలిపింది. ఇంటిపేరు వరకు వచ్చింది, గ్రేడు దగ్గర ఆగింది. చివరికి ఆ వివరాలన్నీ అచ్చు వేయించి అందరి ఛాతీకీ బిళ్ళలు తగిలించారు. దాంతో అడిగే పని తప్పింది. ఇప్పుడు జనం చకచకా ముందుకొచ్చి, బిళ్ళ చదివి, చకచకా వెనక్కి పోతున్నారు. మొత్తానికి కదలిక వచ్చిందని భాగ్యలక్ష్మి సంతోషించింది.

తరవాత ఎక్కడం, దిగడం సమస్య. ఈ డాన్సులో కొన్ని జంటలు దిగుతాయి, కొన్ని ఎక్కుతాయని చెప్పాం కదా. పేర్లివ్వమంటే అందరూ ఎక్కే జంటల్లోనే ఇచ్చారు. దిగే జంటల్లో ఒక్క పేరూ లేదు. "అందరూ ఎక్కితే ఎలాగండీ? దిగేవాళ్ళుంటేనే కదా ఎక్కేవాళ్ళకి చోటు" అంది భాగ్యలక్ష్మి.

కోదండపాణి గారు అరచెయ్యి ఎత్తి ఆపారు. "చూడమ్మా, కాన్సెప్ట్ సూపర్. కానీ నేను టాప్‌లో స్టార్ట్ అయ్యి, సాంగ్ అయ్యేసరికి బాటమ్‌లో, క్యాంపు హెల్పర్స్ పక్కన తేలితే, కమ్యూనిటీకి ఏం మెసేజ్ వెళ్తుంది? లీడర్‌షిప్ ఈజ్ స్టెబిలిటీ." ఈ మాటకి మేనేజర్లంతా చప్పట్లు కొట్టారు. కాబట్టి అధ్యక్షుల వారి జంట శాశ్వతంగా పైనే ఉంటుందని తీర్మానించారు. అధ్యక్షులు కదలకపోతే ఉపాధ్యక్షులెందుకు కదలాలి? ఉపాధ్యక్షులకి లేని కదలిక కోశాధికారికెందుకు? కదలకుండా ఉండే గౌరవం ఒక్కొక్కరికే సంక్రమిస్తూ బారు సగం దాకా దిగింది. ఆ డాన్సులో సక్రమంగా ఒక్కొక్క చోటే దిగింది అదొక్కటే.

క్యాంపువాళ్ళయినా కదులుతారు కదా అని భాగ్యలక్ష్మి హన్మాండ్లు వైపు ఆశగా చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఆట మాకు కొత్త గాదు. గని మేస్త్రి చెయ్యి హెల్పర్ పట్టుకున్నడనుకో, రేపు పొద్దుగాల సైటు మీద నా మాట ఎవడింటడు? మా దిక్కు గూడ జర ఆలోచన జెయ్యాలె గద."

ఇక ఆడ, మగ చేతుల సంగతి. ఈ విషయంలో సమితి సభ్యులు ఎంతో విశాలంగా ఆలోచించారని ఒప్పుకోవాలి. కాలం మారింది, ఈ దేశమే మారింది, డాన్సులో మగవాళ్ళు ఇతరుల భార్యల చేతులు పట్టుకోవడంలో తప్పేమీ లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. కాకపోతే ప్రతి సభ్యుడూ తన భార్యకు మాత్రం మినహాయింపు ఇవ్వమని విడివిడిగా వచ్చి చెవిలో అడిగాడు. అడిగిన వారందరికీ మినహాయింపులు మంజూరు చేశారు. ఆ తరవాత లెక్క చూసుకుంటే పట్టుకోవడానికి చెయ్యి అనేది ఎక్కడా మిగల్లేదు.

అప్పుడు హన్మాండ్లే పరిష్కారం చెప్పాడు. చేతికీ చేతికీ మధ్య కోలాటం కర్ర ఉంచితే సరి, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. ఆహా అన్నారందరూ. అయితే మూరెడు కర్ర మేనేజరుకీ ఇంజినీరుకీ మధ్య సరిపోతుందిగానీ, మేనేజరుకీ వెల్డరుకీ మధ్య మరీ పొట్టిగా కనిపించింది. కాబట్టి గ్రేడు తేడాకు జానెడు చొప్పున కర్ర పొడవు పెంచాలని నిర్ణయించారు. అంత పొడుగు కర్రలు దొరక్క స్టోర్సు నుంచి ప్లంబింగు పైపులు తెప్పించారు. అధ్యక్షుల వారికీ హెల్పరుకీ మధ్య పైపు ఒకటి చాలక, మధ్యలో సాకెట్ వేసి ఇంకోటి అతికించారు. రిహార్సల్లో ఆ పైపు తగిలి ఫ్యాను రెక్క వంగింది. ఒకరికి ముక్కు, ఇంకొకరికి మోకాలు వాచాయి. కోదండపాణి గారు కొస పట్టుకుని "హలో! హలో!" అని అరిస్తే అవతలి కొసనున్న హెల్పరు చెయ్యి ఊపాడు. వాళ్ళిద్దరూ అంత దగ్గరగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

ఇన్ని జరుగుతున్నా భాగ్యలక్ష్మి ధైర్యం చెడలేదు. ఎక్కడం పోయింది, దిగడం పోయింది, దాటడం పోయింది, పోతే పోనీ. ఎవరి జోడీని వాళ్ళు పట్టుకుని గిరగిరా తిరిగే ఆ ఒక్క చుట్టూ ఉంది కదా. సొంత మొగుడు సొంత పెళ్ళాన్ని పట్టుకోవడానికి ఎవరికేం అభ్యంతరం ఉంటుంది?

అభ్యంతరం వీరభద్రానికి వచ్చింది.

పైపులు వచ్చాయి కాబట్టి సమితి వారు అతన్ని సేఫ్టీ సలహాదారుగా వేశారు. అతను హెల్మెట్ పెట్టుకుని, నారింజ రంగు జాకెట్ తొడుక్కుని రిహార్సలుకు వచ్చాడు. మొదట అందరికీ టూల్ బాక్స్ టాక్ అని జాగ్రత్తల ఉపన్యాసం ఇచ్చాడు. పైపు కొసలకి ఎర్రగుడ్డ కట్టించాడు. తరవాత చుట్టు తిరగడం చూసి ఈల ఊదాడు. "తిరిగే యంత్రం చుట్టూ కంచెలాగా గార్డు ఉండాలండీ. ఇక్కడ ఇంతమంది తిరుగుతున్నారు, ఒక్కరికీ గార్డు లేదు. చీర కొంగులు, చున్నీలు, ఇవన్నీ లూజు దుస్తులు. ఇది నేను పాస్ చెయ్యలేను" అన్నాడు. అందరూ అతని దక్షతను మెచ్చుకున్నారు. ఆ చుట్టు కొట్టేశారు.

ఇంటికి వచ్చాక భాగ్యలక్ష్మి పళ్ళెం ఠంగుమని బల్ల మీద పెట్టింది. ఒళ్ళు మండిపోతోంది ఆవిడకి. "ఏవండీ, అన్నీ తీసేశారు సరే, ఆ ఒక్కటీ తీసేస్తే ఇంక డాన్సులో ఏం మిగిలిందండీ?"

"సేఫ్టీ మిగిలింది" అన్నాడు వీరభద్రం.

"నలుగురిలో మీరు నా చెయ్యి పట్టుకుంటే ఏమైపోతుందండీ?"

అతను కంగారుపడ్డాడు. హెల్మెట్ తీద్దామని చెయ్యి పైకెత్తాడు, అది తల మీద లేదు. "ఏమవుతుందేంటే? చూస్తారు."

"చూస్తే?"

"చూస్తే... చూస్తారు కదే" అన్నాడు. అంతకుమించి అతనికి తెలీదు పాపం. అతని నాన్నకీ తెలీదు, తాతకీ తెలీదు. భాగ్యలక్ష్మికి ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది, ఏదీ సరిగ్గా రాక వెళ్ళి గిన్నెలన్నీ పోపుల పెట్టెలో సర్దేసింది. ఆవాల్నీ జీలకర్రనీ మాత్రం కాస్త ఎడంగా పెట్టింది.

వార్షికోత్సవం రోజు వచ్చింది. ఊరి చివర ఇస్తిరాహా అనే విడిదితోట అద్దెకు తీసుకున్నారు, చుట్టూ ప్రహరీ, మధ్యలో పచ్చిక, చెట్లకి దీపాల తోరణాలు. క్యాంపు బస్సులు దిగాయి, విల్లాల కార్లు దిగాయి. అందరూ బిళ్ళలు తగిలించుకుని, గ్రేడు ప్రకారం బారులు తీరారు. ఆఖరి నిమిషంలో పైపులు మొయ్యలేమన్నారు కాబట్టి వాటిని మనిషికీ మనిషికీ మధ్య కింద పరిచారు. భాగ్యలక్ష్మి మైకు పట్టుకుంది. ఎన్నో సవరణల తరవాత మిగిలిన డాన్సుని ఆవిడ నడిపించింది.

"నిలబడండి! అలాగే నిలబడండి! ఇప్పుడు చిరునవ్వు! చిరునవ్వు ఆపి, మళ్ళీ నిలబడండి! కోశాధికారి గారూ, మీరు కదిలారు!"

పాట ముగిసింది. చప్పట్లతో ఇస్తిరాహా దద్దరిల్లింది. జిద్దా నుంచి వచ్చిన ముఖ్య అతిథి గారు మైకు అందుకున్నారు. "నా జీవితంలో ఎన్నో నృత్యాలు తిలకించాను. అన్నిట్లోనూ ఎవరో ఒకరు కదిలేవారు. కదలిక వచ్చిన చోట కలహం వస్తుంది. కానీ ఈ రోజు ఎవరి పరిధిలో వారు, ఎవరి స్థానంలో వారు, భుజం భుజం కలపకుండా నిలబడి, మీరు ప్రపంచ తెలుగువారికి దారి చూపించారు. ఇదే కదా మన సంస్కృతి!" కోదండపాణి గారు ఆయనకి శాలువా కప్పారు. అది కూడా వెనక నుంచి, తగలకుండా కప్పారు.

ఇక భోజనాలు. బిర్యానీ బాధ్యత ప్రొద్దుటూరు అబ్దుల్ ఘనీది. జిద్దాలో షరఫియా బజార్లో అతనికి హోటలుంది. దారిలో చెకింగు వల్ల వ్యాను ఆలస్యమైంది. జనం ఆకలితో నకనకలాడుతున్నారు. ఘనీ హడావిడిగా పొడుగాటి బల్లలు వేసి, మటన్ దేగీషాలు పై కొసన దించాడు, ప్లేట్ల కట్టలు కింది కొసన దించాడు. దించాక బల్ల ఎక్కి కేకేశాడు. "అన్నా, అక్కా, అందరూ ఇనుకోండి! మటన్ శానా తక్కువ ఉండాది. ముందొచ్చినోళ్ళకే! తర్వాత నన్ననొద్దు!"

గ్రేడు ప్రకారం నిలబడ్డారు కాబట్టి పై కొసన మేనేజర్లున్నారు. వాళ్ళ ముందు మటన్ ఉంది, చేతిలో ప్లేటు లేదు. కింది కొసన క్యాంపు మనుషులున్నారు. వాళ్ళ చేతిలో ప్లేటుంది, ముందు మటన్ లేదు.

అంతే! బల్లకి అటొక బారు, ఇటొక బారు, పైవాళ్ళు కిందికీ కిందివాళ్ళు పైకీ బయల్దేరారు. కోదండపాణి గారు గబగబా ఒక్కొక్క చోటే దిగుతున్నారు. ఎదురైన ప్రతి జంటనీ ఏ చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకుని దాటుతున్నారు. "పట్టు సారూ, నా చెయ్యి గట్టిగ పట్టు, యల్లా!" అని హన్మాండ్లు ఆయన్ని ఒక్క గుంజు గుంజి చుట్టు తిప్పి కిందికి పంపాడు. హన్మాండ్లుని వాళ్ళ హెల్పరు చెయ్యి పట్టి పైకి లాగాడు. ఉపాధ్యక్షుల వారి భార్య వెల్డరు భుజం ఊతంగా పట్టుకుని వీపుకి వీపు ఆనించి జారిపోయింది. ఎవరికీ ఎవరి ఇంటిపేరూ గుర్తులేదు. ఛాతీ మీది బిళ్ళలు ఎప్పుడో ఊడి గడ్డిలో పడ్డాయి.

మైకు దగ్గర నిలబడ్డ భాగ్యలక్ష్మి నోరు తెరుచుకుని చూసింది. ఇది తన డాన్సు! ఏ సవరణా చెయ్యని మొదటి డాన్సు, పోపుల పెట్టె మీద కట్టింది కట్టినట్టు! ఆవిడకి ఒళ్ళు తెలీలేదు. మైకు నోటికి ఆనించి కేక పెట్టింది.

"ఎడమ చెయ్యిచ్చి దాటండి! ఇప్పుడు కుడి చెయ్యి! ఒక చుట్టు! ఒక్క చోటు జరగండి! కొసకొచ్చినవాళ్ళు ఊపిరి పీల్చుకోండి, మళ్ళీ వెనక్కి!"

ఆకలి మీదున్నారేమో, చెప్పింది చెప్పినట్టు చేశారు. తోపులాట కాస్తా ఊపందుకుని ఆటైంది. డోలు ఉన్నవాడు డోలు మొదలెట్టాడు. బల్ల మీద నిలబడి గరిటె ఊపుతూ అబ్దుల్ ఘనీ అరిచాడు. "ఓ యక్కా! నువ్వు కట్టినావంట గదా, ఆ ఆట ఇదేనా? భలే ఉండాదే!"

అంతలో బారులోంచి ఒక నారింజ జాకెట్ బయటపడింది. వీరభద్రం. చంకలో రెండు ప్లేట్లు, తలమీద హెల్మెట్ లేదు. "ఇంకా ఆ మైకెందుకే! పడేసి రా! మటన్ అయిపోద్ది!" అని అరుస్తూ వచ్చి, భార్య కుడిచెయ్యి తన కుడిచేత్తో గబుక్కున పట్టుకున్నాడు. బారులోకి లాక్కుపోయాడు. ఎవరో తోశారు. ఇద్దరూ గిర్రున ఒక చుట్టు తిరిగారు. ఇంకెవరో తోశారు, ఇంకో చుట్టు. భాగ్యలక్ష్మి పకపకా నవ్వుతోంది. అతను "గట్టిగా పట్టుకోవే, పడతావ్, గట్టిగా!" అంటున్నాడు. నలుగురు కాదు, ఊరంతా ఉంది చుట్టూ. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, అందరి కళ్ళూ మటన్ మీదే. మటన్ దాటారు, పెరుగుచట్నీ దాటారు, నిమ్మచెక్కలు కూడా దాటారు. అతను చెయ్యి వదల్లేదు.

మరుసటి శుక్రవారం సమితి అత్యవసరంగా సమావేశమైంది. ఐక్యతా నృత్యం ద్వారా తెచ్చుకున్న పేరు ప్రతిష్ఠలకి భోజనాల వేళ జరిగిన అవాంఛనీయ సంఘటనల వల్ల భంగం కలిగిందని తీవ్ర విచారం వ్యక్తం చేశారు. ఇకమీదట బిర్యానీ డబ్బాల్లో పెట్టి, ఎవరి కుర్చీ దగ్గరికి వారికి, గ్రేడు వరసలో అందజేయాలని తీర్మానించారు. మటన్ పంపిణీ కూడా అదే వరసలో. సేఫ్టీ సలహాదారు సంతకం కావాలన్నారు. వీరభద్రం మాత్రం "నాకు ఆ రోజు ఏ ప్రమాదమూ కనపడలేదండీ" అన్నాడు. అతనికి ఒంట్లో బాగాలేదేమోనని అందరూ కంగారుపడ్డారు.

డాన్సు వీడియో చూసి హాయిల్ తెలుగువాళ్ళు ఫోన్ చేశారు. మాకూ నేర్పండి, టీచర్ని పంపండి అన్నారు. కోదండపాణి గారు గర్వంగా జవాబిచ్చారు. "ట్రైనింగ్ అవసరం లేదండీ. మనవాళ్ళని వరసలో నిలబెట్టండి చాలు. మిగతాది బై బర్త్ అందరికీ వచ్చు."

ఆ తరవాత ఒక శుక్రవారం సాయంత్రం వీరభద్రం ఉన్నట్టుండి, "జిద్దా పోదామా? షరఫియాలో శుక్రవారం బాగా రద్దీగా ఉంటుందట" అన్నాడు. రద్దీ అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి! భాగ్యలక్ష్మి వెంటనే చీర మార్చుకుంది.

షరఫియాలో ఇసుక వేస్తే రాలనంత జనం. మలయాళీలు, బంగ్లాదేశీలు, పాకిస్తానీలు, యెమెన్ వాళ్ళు, టైలర్ షాపుల ముందు, డబ్బు పంపే కౌంటర్ల ముందు కిక్కిరిసి ఉన్నారు. కారు దిగగానే వీరభద్రం భార్య చెయ్యి పట్టుకున్నాడు. "గుంపులో చెయ్యి వదలకూడదు. సేఫ్టీ" అన్నాడు, ఎటో చూస్తూ. "అవునండీ, సేఫ్టీ ముఖ్యం" అంది భాగ్యలక్ష్మి. అలా చేతులూపుకుంటూ ఆ వీధి కొసదాకా నడిచారు, మళ్ళీ వెనక్కి తిరిగారు. జీవితంలో అంత బాగా ఆవిడ ఎప్పుడూ నడవలేదు.

అప్పుడు వెనక నుంచి ఎవరో తెలుగులో మాట్లాడుకుంటున్న చప్పుడైంది.

వీరభద్రం చటుక్కున చెయ్యి వదిలేశాడు. వదిలి రెండడుగులు ముందు నడిచాడు. భాగ్యలక్ష్మి ఖాళీ చెయ్యి కొంగులో చుట్టుకుంది. ఆ మాట్లాడిందెవరో తిరిగి చూడాలనిపించలేదు ఆవిడకి. ఆ రోజు షరఫియాలో ఉన్నది మీరు కాదు కదా?